రన్ ఓవర్ (బండి కింద మనిషి పడడం) జరిగిన తర్వాత ఇంజిన్‌లో ఉన్నవారి పరిస్థితి: అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

ప్రశ్న: ఒక అక్క

మా తమ్ముడు రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, అంటే ఇంజిన్‌లో డ్రైవరుకు సహాయకుడు. చేరి పద్నాలుగు నెలలైంది, ఇంకా గూడ్సు బండ్ల మీదే తిరుగుతున్నాడు. మూడు వారాల క్రితం తెల్లవారుజామున, బొగ్గు లోడుతో వెళ్తున్న వాళ్ల బండి కింద ఒక మనిషి పడి చనిపోయాడు. అతను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, అవతలి లైనులో వస్తున్న బండినే చూస్తూ పట్టాలు దాటుతున్నాడట. హారన్ మోగిస్తూనే ఎమర్జెన్సీ బ్రేకు వేశారు గానీ, బండి ఆ చోటు దాటి చాలా దూరం వెళ్లాకే ఆగింది. దిగి టార్చిలైటుతో వెనక్కి నడిచి చూసి రావలసింది అసిస్టెంటే కనుక మావాడే వెళ్లాడు. ఆ తర్వాత మళ్లీ ఇంజిన్ ఎక్కి, అదే బండిలో చివరిదాకా డ్యూటీ చేశాడు.

అప్పటి నుంచి వాడు మునుపటి మనిషి కాడు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తినకుండానే లేచిపోతున్నాడు. వంటింట్లో కుక్కరు విజిల్ వేస్తే ఉలిక్కిపడుతున్నాడు. అమ్మ దిష్టి తీసింది, గుళ్లో అర్చన చేయించింది. వాడు మాత్రం "రెండు సెకన్లు ముందే చూసి ఉంటే, అక్కా" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ చెప్పడం లేదు. నిజంగా ఆ రెండు సెకన్లలో ఏమైనా మారి ఉండేదా? ఇది దానంతట అదే తగ్గుతుందా? ఇంట్లో మేం ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: రిటైరైన డ్రైవరు

అమ్మా, నా సర్వీసు 34 ఏళ్లు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు గానీ మా కాలంలో డ్రైవరు అనేవాళ్లు, నాకు ఆ మాటే అలవాటు. ముందుగా మీ తమ్ముడి రెండు సెకన్ల సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ లెక్క నేనూ ఏళ్ల తరబడి వేసుకున్నవాణ్ణే.

లోడు గూడ్సు గంటకు 60 కిలోమీటర్ల మీద వెళ్తోందనుకోండి, రెండు సెకన్లంటే 33 మీటర్లు. యాభై ఎనిమిది వ్యాగన్ల బొగ్గు బండి బరువు 5,000 టన్నుల పైమాటే. ఎమర్జెన్సీ వేయగానే బండి మొత్తానికి ఒకేసారి బ్రేకు పడదు. బ్రేకు పైపులో 5 కిలోల ఒత్తిడితో ఉన్న గాలి ఇంజిన్ వైపు నుంచి ఖాళీ అవుతూ పోతేనే చక్రాలకు బ్రేకు పడుతుంది, ఆఖరి వ్యాగనుకు ఆ సంగతి చేరడానికే కొన్ని సెకన్లు పడుతుంది. ఆ తర్వాత కూడా బండి ఆగడానికి అర కిలోమీటరు దాటుతుంది, వాలులో అయితే ఇంకా ఎక్కువ. దాని ముందు 33 మీటర్లు ఏ మూలకు? లారీ డ్రైవరైతే కనీసం స్టీరింగు తిప్పుతాడు. మాకున్నవి హారను, బ్రేకు. ఆ రెండూ వాడేశాక, అద్దంలోంచి చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. ఈ ఉద్యోగంలో అసలు కష్టం అక్కడే ఉంది.

నా బండి కింద మొదట పడినవి గేదెలు. వాటికి తగిలి బ్రేకు పైపు ఊడి, బండి తనంతట తానే ఆగిపోయింది, దిగి పైపు బిగించుకుని బయలుదేరాం. ఆ రాత్రి రన్నింగ్ రూములో (డ్యూటీ దిగాక మేం ఆగే విశ్రాంతి గది) కడుపునిండా తిని పడుకున్నాను కూడా. మనిషి పడినప్పుడు అలా కాలేదు. చివరి క్షణంలో ఆయన తల తిప్పి ఇంజిన్ వైపు చూశాడు. డ్రైవర్లు నలుగురు కూర్చుని మనసు విప్పినప్పుడు ఎక్కువగా చెప్పుకునేది ఆ చూపు గురించే.

నాకు పనికొచ్చిన సంగతి ఒకటి చెబుతాను. ఇంజిన్‌లో స్పీడు నమోదయ్యే చార్టు ఉంటుంది. ఒక సీనియర్ ఇన్‌స్పెక్టరు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ వేగం దగ్గర బ్రేకు వేశానో, బండి ఎక్కడ ఆగిందో ఆ చార్టులో వేలుపెట్టి చూపించాడు. నేను ఆలస్యం చేశానన్నది నా మనసు అల్లుకున్న కథేనని కాగితం మీద కనబడింది. వీలైతే మీ తమ్ముడిని కూడా ఆ చార్టు చూడమనండి. "అలవాటైపోతుందిలే" అని మాత్రం ఎవరినీ అననివ్వకండి. ఆ మాట నాతో చాలామంది అన్నారు, కానీ నాకు అలవాటు కాలేదు.

జవాబు 2: ట్రైన్ మేనేజరు (2022 దాకా ఈ ఉద్యోగం పేరు గార్డు)

పెద్దాయన చెప్పిన చార్టు మాట విలువైనదే గానీ, అందరికీ అది మందు కాదని నా అభిప్రాయం. తన తప్పు లేదని తెలిసినా నిద్రపట్టని వాళ్లను నేను చూశాను. 1989 రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా పట్టాల మీదికి రావడమే నేరం. తప్పు ఎవరిదన్న విషయం చట్టం తేల్చేసినా, కళ్లతో చూసినది చెరిగిపోదు కదా.

బయటివారి మాటలు కూడా గుచ్చుతాయి. 2020 మే 8న మహారాష్ట్రలో, నాందేడ్ రైల్వే డివిజనులోని కర్మాడ్ దగ్గర, పట్టాల మీద నిద్రపోయిన 16 మంది వలస కూలీల ప్రాణాలు తీసిన ఖాళీ ట్యాంకర్ల గూడ్సు మన చర్లపల్లి నుంచి బయలుదేరినదే. లోకో పైలట్ వాళ్లను చూసి, హారన్ మోగించి, బండిని ఆపడానికి ప్రయత్నించాడని రైల్వే అప్పుడే ప్రకటించింది. అయినా "ఎందుకు ఆపలేకపోయాడు" అని అడిగినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. మీ ఇంటికి వచ్చేవాళ్లు ఆ ప్రశ్న అడగకుండా చూసుకోవడం మీ చేతుల్లో ఉంది.

పక్కవాళ్లకు కనిపించని పని ఇంకొకటి ఉంది. పడిన మనిషికి ప్రాణం ఉంటే అదే బండిలో ఎక్కించి, వైద్యం దొరికే తర్వాతి స్టేషనుకు చేర్చాలి. ప్రాణం లేకపోతే దేహాన్ని పట్టాల పక్కకు తీయించి, కాపలా పెట్టించి, స్టేషన్ మాస్టరుకు మెమో రాయాలి. ఒకసారి నేను ఒక పెద్దావిడను ఎత్తి బ్రేకువ్యానులో (బండి చివర గార్డు ఉండే పెట్టె) పడుకోబెట్టి, స్టేషను వచ్చేదాకా ఆమె చెయ్యి పట్టుకునే కూర్చున్నాను. ఆమె బతికిందో లేదో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పటికీ నన్ను తొలిచేది ఆ అడగకపోవడమే.

రైల్వే పెడుతున్న కవచ్ అనే భద్రతా వ్యవస్థ వస్తే ఇవన్నీ ఆగిపోతాయని కొందరు అంటుంటారు కాబట్టి ఒక మాట. అది రెండు బండ్లు ఢీకొనకుండా, ఎర్ర సిగ్నలు దాటకుండా ఆపుతుంది, గేట్ల దగ్గర తనంతట తానే హారన్ మోగిస్తుంది. పట్టాలకు అడ్డంగా నడిచే మనిషిని అది చూడలేదు. బ్రాడ్‌గేజిలో కాపలా లేని గేట్లన్నీ 2019 జనవరి నాటికి ఎత్తేశారు. గేటుకూ గేటుకూ మధ్య ఊళ్లవాళ్లు వేసుకున్న కాలిబాటలు మాత్రం అలాగే ఉన్నాయి, వాటి పక్కనుంచి వెళ్లే బండ్ల వేగమేమో పెరిగింది.

జవాబు 3: మానసిక వైద్యురాలు

మీరు రాసిన లక్షణాలు మొదటి కొన్ని వారాల్లో చాలామందిలో కనిపించేవే, ఎక్కువమందిలో వాటంతట అవే తగ్గుతాయి కూడా. అయితే నెల దాటినా దృశ్యం పదే పదే కళ్లముందు కదలడం, నిద్ర లేకపోవడం, ఆ ఊసు వచ్చే చోట్లకు దూరంగా తిరగడం కొనసాగితే తప్పకుండా వైద్యుడికి చూపించాలి, ఎందుకంటే దీనికి మాటలతో చేసే మంచి చికిత్సలున్నాయి. తనంతట తాను చెబితే వినండి, బలవంతంగా చెప్పించకండి. నిద్ర కోసమని మద్యం అలవాటు చేసుకోకుండా గమనించండి. చనిపోవాలన్న మాట ఏ రూపంలో వచ్చినా మాత్రం నెల కోసం ఆగవద్దు, ఆ రోజే వైద్య సహాయం తీసుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

నా దగ్గరికి వచ్చే రన్నింగ్ స్టాఫ్ (బండ్ల మీద డ్యూటీ చేసేవాళ్లు) చెప్పే భయం ఒకటే: నిద్రపట్టడం లేదని రికార్డులోకి ఎక్కితే ఇంజిన్ ఎక్కడానికి కావలసిన ఏ-వన్ మెడికల్ కేటగిరీ పోతుందేమోనని. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు "సైకో టెస్టు" పెట్టి మనసును కొలిచేవాళ్లు, ఇలాంటి రాత్రి తర్వాత ఆ మనసు ఎలా ఉందని అడగడం అంతకంటే అవసరమని నాకు అనిపిస్తుంది. ఆ భయంతో మీ తమ్ముడు వెనకాడుతుంటే, నిద్ర లేకుండా ఇంజిన్ ఎక్కడమే అతనికీ ఇతరులకూ పెద్ద ప్రమాదమని నెమ్మదిగా చెప్పండి.

ప్రశ్న అడిగిన అక్క

అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన జవాబును ఫోనులో వాడికి చూపించాను. చాలాసేపు చదివాడు, మళ్లీ మొదటికి వెళ్లి చదివాడు. తర్వాత "మా బండి 60 మీద లేదక్కా, 52 మీద ఉంది. 33 కాదు, 29 మీటర్లే" అన్నాడు. ఇది మంచి గుర్తో కాదో నాకు తెలియదు గానీ, ఈ మూడు వారాల్లో ఆ రాత్రి గురించి వాడు చెప్పిన రెండో మాట ఇది. డాక్టరు దగ్గరికి సోమవారం వెళ్దామంటే, డ్యూటీ ఎప్పుడు పడుతుందో చూసి చెబుతానన్నాడు.