సీ2సీ12 మయోట్యూబులు సరిగా రావట్లేదు: సాంద్రత, సీరమ్, మన ఎండలు

కాజీపేట_స్కాలర్
సీ2సీ12తో, అంటే ల్యాబులో పెంచే చిట్టెలుక కండర కణాలతో, పనిచేసే అందరికీ నమస్తే. 6 వెల్ ప్లేట్లలో 2 శాతం హార్స్ సీరమ్ (గుర్రం సీరమ్) ఉన్న డీఎంఈఎం అనే మీడియంకి (పోషక ద్రవం) మార్చి ఐదు రోజులైనా కణాలు సన్నగా సాగి అక్కడే ఆగుతున్నాయి. ఒక్కో మయోట్యూబులో (కణాలు కలిసి ఏర్పడే కండర గొట్టం) రెండు మూడు న్యూక్లియస్‌లకు మించి లేవు. వీటి మీద డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందుతో కండరక్షయం మోడల్ చేయాలి. సీరమ్ మార్చాలా, ప్లేటుకి జెలటిన్ కోటింగ్ వేయాలా?

హనుమకొండ_మయో
సీరమ్ దగ్గరికి తర్వాత వద్దాం. ఆ ఫ్లాస్కును ఇప్పటిదాకా ఎలా పెంచారో ముందు చూడండి. ఈ కణాల మూలం, చిట్టెలుక తొడ కండరాన్ని నలిపి, అది మానుతుండగా యాఫే, సాక్సెల్ వేరుచేసి 1977లో ప్రచురించిన సీ2 కణాలు. చోటు ఇరుకైతే చాలు, విభజన ఆపి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఫ్లాస్కు నిండేదాకా వదిలేస్తే బాగా కలిసే కణాలన్నీ అక్కడే కలిసిపోతాయి, అవి మళ్లీ విభజన చెందవు. ట్రిప్సిన్ ఎంజైమ్ వేసి ఊడదీసి పాసేజ్ చేసినప్పుడు (కొత్త ఫ్లాస్కుకు మార్చినప్పుడు) మీ చేతికి మిగిలేవి కలవని మొండి కణాలే. ఇలా నాలుగు సార్లు జరిగితే ఏ సీరమ్ వేసినా మయోట్యూబులు రావు.

అందుకే 60 నుంచి 70 శాతం నిండగానే పాసేజ్ చేయాలి. శనివారం సాయంత్రం అలా వదిలి సోమవారం వచ్చి చూస్తే సరిపోదు. ఆదివారం ఎవరూ రాకపోతే శనివారం పలచగా వేయండి. పాసేజ్ 15 దాటిన కణాల మీద డిఫరెన్షియేషన్ (మయోట్యూబులుగా మార్చే) ప్రయోగం చేయకండి, ఫ్రీజ్ చేసిన కణాల కొత్త వయల్ తీయండి.

మీడియం మార్చేటప్పుడు మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకంగా చేయాలి. 6 వెల్ ప్లేటులో ఒక వెల్‌కు 2 లక్షల కణాలు వేసి, 90 శాతం దాటి నిండాకే హార్స్ సీరమ్‌కి వెళ్లండి. 70 శాతం దగ్గర మారిస్తే కణాల మధ్య ఖాళీలు ఉండిపోతాయి, మీరు చెప్పే సన్నటి ట్యూబులు అలా వచ్చేవే. మార్చే ముందు పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో రెండుసార్లు కడగాలి. పాత మీడియంలోని ఎఫ్‌బీఎస్ (దూడ పిండం సీరమ్) కొంచెం మిగిలినా అందులోని గ్రోత్ ఫ్యాక్టర్లు కణాలను విభజనలోనే ఉంచుతాయి. ఒకటి రెండు రోజుల్లో మయోజెనిన్, మూడో రోజు నుంచి మయోసిన్ హెవీ చైన్ అనే కండర ప్రోటీన్లు కనబడాలి. నాలుగు నుంచి ఆరో రోజు దాకా పనికొచ్చే సమయం. ఆ తర్వాత ట్యూబులు ముడుచుకొని ఊడిపోతుంటాయి, జెలటిన్ కోటింగ్ కొంత ఉపయోగపడేది అప్పుడే. కలవని కణాలను అది కలపలేదు.

ఓరుగల్లు_ఇంక్యుబేటర్
పైన చెప్పినయన్నీ నిజమే. కానీ మే నెలలో అడుగుతున్నరు కాబట్టి ఇంకోటి చూస్కోండి. సీవో2 ఇంక్యుబేటర్‌లో మామూలుగా హీటరే ఉంటది, చల్లబరిచే ఏర్పాటు ఉండదు. రూము 37 కంటే కనీసం 5 డిగ్రీలు తక్కువ ఉంటేనే లోపల 37 దగ్గర నిలబడతది. మన దగ్గర కరెంటు పోతే ఇంక్యుబేటర్ యూపీఎస్ మీద నడుస్తది, ఏసీ మాత్రం ఆగుతది. బయట 43 ఉన్నప్పుడు రూము గంటలో 36 దాటతది, లోపల 39, 40 అయితది. పొద్దున వచ్చి చూస్తే డిస్‌ప్లే మీద మళ్లీ 37.0 ఉంటది, ఎవరికీ అనుమానం రాదు. కణాలకు మాత్రం హీట్ షాక్ తగిలి ఉంటది.

లోపలి అరలో గరిష్ఠ కనిష్ఠ థర్మామీటరు ఒకటి పెట్టండి, రోజూ చదివి రాసి రీసెట్ చేయండి. దాని ధర ఒక సీరమ్ బాటిల్‌లో పదో వంతు కూడా ఉండదు. మైనస్ 80 ఫ్రీజరు అదే రూములో ఉంటే వేరే రూముకి జరపండి, అది లోపలి వేడంతా రూములోకే వదులుతది. పడమటి గోడకు ఆనించి ఇంక్యుబేటర్ పెట్టొద్దు. ఏసీని జనరేటర్ లైనుకు కలపమని ఎలక్ట్రీషియన్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి.

యూపీఎస్ కూడా ఆగిపోతే గ్యాస్ వాల్వు మూసుకుంటది, సీవో2 పడిపోయి మీడియం గులాబీ రంగుకి తిరుగుతది. తలుపు తెరిచి చూడొద్దు, ఎంత తెరిస్తే అంత పోతది. కరెంటు కోతలు ఎక్కువున్న నెలల్లో మీడియంలో 20 మిల్లీమోలార్ హెపెస్ అనే బఫర్ కలిపితే పీహెచ్ కొంత నిలబడతది.

కాజీపేట_స్కాలర్
థర్మామీటరు సంగతి మా ల్యాబులో ఎవరూ చెప్పలేదు, థాంక్స్ అన్నా. సీరమ్‌తో పాటు ఇన్సులిన్ వేస్తే కలయిక పెరుగుతుందని చదివాను. వేయొచ్చా?

హనుమకొండ_మయో
వేస్తే ట్యూబులు లావుగా వస్తాయి, మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు సరిపోతుంది.

కండరం_కబుర్లు
మయో గారూ, ఈ ప్రయోగానికి వద్దండి. డెక్సామెథసోన్ కండరాన్ని కరిగించేది ఫాక్సో అనే ప్రోటీన్ దారిలో అట్రోజిన్-1, మర్ఫ్-1 అనే కండరక్షయ జన్యువులను లేపి. ఇన్సులిన్ ఏకేటీ అనే ఎంజైమ్‌ను చురుకు చేసి అదే ఫాక్సోను అణచేస్తుంది. రెండూ ఒకే మీడియంలో ఉంటే క్షయం సగమే కనబడుతుంది, మందు పనిచేయలేదని తప్పుగా రాసుకుంటారు. ట్యూబులు పెంచేటప్పుడు వాడినా, డెక్సామెథసోన్ వేసే ముందు రోజే ఇన్సులిన్ లేని మీడియంకి మార్చాలి.

డోసు 10 మైక్రోమోలార్, 24 గంటలు. ఇథనాల్‌లో 10 మిల్లీమోలార్ స్టాక్ చేసుకొని వెయ్యికి ఒక వంతు కలపండి. కంట్రోల్ వెల్స్‌లో కూడా అంతే, అంటే 0.1 శాతం ఇథనాల్ ఉండాలి. మయోసిన్‌ను పట్టే ఎంఎఫ్20 యాంటీబాడీ, న్యూక్లియస్‌లకు రంగిచ్చే డాపీ వేసి, ప్రతి ట్యూబు వ్యాసం మూడు చోట్ల కొలవండి. ఏ వెల్ ఏదో కొలిచేవాళ్లకు తెలియకూడదు. ఫ్యూజన్ ఇండెక్స్‌కు (కణాలు ఎంత కలిశాయో చెప్పే లెక్క) రెండు, అంతకంటే ఎక్కువ న్యూక్లియస్‌లున్న ట్యూబుల్లోనివే లెక్కపెట్టి మొత్తం న్యూక్లియస్‌లతో భాగించండి. డాపీలో న్యూక్లియస్ బయట సన్నటి చుక్కలు కనబడితే అక్కడే ఆపేయండి, అది మైకోప్లాస్మా బ్యాక్టీరియా కావచ్చు, పీసీఆర్ చేయాలి.

కరీంనగర్_బయోటెక్
ఇదే పద్ధతి ఎలుక గుండె నుంచి తీసిన హెచ్9సీ2 కణాలకి పనిచేస్తుందా? గుండె మీద థీసిస్.

కండరం_కబుర్లు
సీరమ్ 1 శాతానికి తగ్గించి వదిలేస్తే హెచ్9సీ2 కూడా అస్థి కండరం లాంటి ట్యూబులే ఇస్తుంది. గుండె వైపు మళ్లాలంటే 10 నానోమోలార్ ఆల్ ట్రాన్స్ రెటినాయిక్ ఆమ్లం రోజూ కొత్తగా వేయాలి, వారం దాకా. అది వెలుతురుకు చెడిపోతుంది, హుడ్ లైటు ఆపి, ట్యూబుకు ఫాయిల్ చుట్టి పనిచేయండి. కార్డియాక్ ట్రోపోనిన్ టీ అనే గుండె కండర ప్రోటీన్ చూపించకుండా గుండె కణాలని రాయకండి. అవి కొట్టుకోవు కూడా.

ఇంకో మాట, సీ2సీ12 ఫలితాన్ని గుండె పునరుత్పత్తి అని థీసిస్‌లో పెట్టొద్దు. అస్థి కండరానికి పాక్స్7 ప్రోటీన్ ఉన్న శాటిలైట్ కణాలు (కండరాన్ని మళ్లీ పెంచే మూలకణాలు) ఉన్నాయి, గుండెకు అలాంటివి లేవు. అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆధారంగా 2009లో వేసిన లెక్క ప్రకారం 25 ఏళ్ల మనిషిలో ఏడాదికి సుమారు 1 శాతం గుండె కండర కణాలే కొత్తవి, 75 ఏళ్లకు అది అర శాతం కంటే తక్కువ.

కాజీపేట_స్కాలర్
కొత్త వయల్ హైదరాబాద్ నుంచి తెచ్చుకోవాలి. ఈ ఎండలో ఎలా?

ఓరుగల్లు_ఇంక్యుబేటర్
థర్మోకోల్ డబ్బాలో డ్రై ఐస్ నిండుగా వేసి, వయల్‌ను మధ్యలో పాతండి. మూతను గాలి చొరనంత బిగుతుగా టేపు వేసి మూయొద్దు, గ్యాస్ నిండి డబ్బా పగులుతది. కారులో తెస్తే అద్దాలు కొంచెం దించాలి, అద్దాలు బిగించి ఏసీ వేసిన కారులో సీవో2 మనిషికి ప్రమాదం. చేరినంక మైనస్ 20లో పెట్టొద్దు. వెంటనే 37 డిగ్రీల వాటర్ బాత్‌లో కరిగించండి, లేదంటే నేరుగా లిక్విడ్ నైట్రోజన్ డబ్బాలోకి. కరిగించినాక మొదటి రెండు పాసేజీల్లోనే పది వయల్స్ ఫ్రీజ్ చేసి దాచండి: 90 శాతం ఎఫ్‌బీఎస్, 10 శాతం డీఎంఎస్‌వో (గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే ద్రవం), నిమిషానికి 1 డిగ్రీ చొప్పున చల్లబరచాలి.