థంబ్ పిక్‌కి మారాలా, ఫ్లాట్ పిక్‌తోనే లాగించాలా?

గుంటూరు_ఆరుతీగలు:
చర్చి క్వయర్‌లో అకూస్టిక్ వాయిస్తాను. స్టీల్ తీగలు, 11-52 మందం సెట్. తీగలు మీటే బిళ్ల, అంటే ఫ్లాట్ పిక్, 0.73 మి.మీ. మందం. స్ట్రమ్మింగ్‌కి (తీగలన్నీ కలిపి కొట్టడానికి) ఏ ఇబ్బందీ లేదు. కీబోర్డు లేనప్పుడు మాత్రం బేసు, కార్డ్స్ రెండూ గిటారే మోయాలి. ఉత్త వేళ్లతో మీటితే బేసు వెనక వరసకి వినపడదు. బొటనవేలికి ఉంగరంలా తొడిగే థంబ్ పిక్ కొన్నాను. అది వేలికి బిగిసిపోతోంది, పై స్ట్రోక్‌లో తీగల మధ్య ఇరుక్కుంటోంది. పిక్ తప్పా, చెయ్యి తప్పా? అసలు రెండూ నేర్చుకోవాలా?

బెజవాడ_బేస్‌లైన్:
బ్రదర్, ఒకదాని బదులు ఇంకోటి అనుకోకండి. రెండూ చేసే పనులే వేరు.

ఫ్లాట్ పిక్ కిందకీ పైకీ ఒకేలా కొడుతుంది. వేగంగా సింగిల్ నోట్స్ వాయించాలన్నా, గట్టిగా స్ట్రమ్ చెయ్యాలన్నా దానికి సాటి లేదు. కానీ దాన్ని పట్టుకోవడానికే బొటనవేలు, చూపుడువేలు ఖర్చయిపోతాయి. థంబ్ పిక్ వేలికి తొడిగేది కాబట్టి నాలుగు వేళ్లూ ఖాళీ. బొటనవేలు బేసు చూసుకుంటుంది, మిగతావి సన్నటి పై తీగలు చూసుకుంటాయి. అమెరికా గిటారిస్టులు మెర్ల్ ట్రావిస్, చెట్ అట్కిన్స్ వాయింపు నిలబడింది ఈ పద్ధతి మీదే. మీ అవసరం కూడా ఇదే.

ఇరుక్కోవడానికి అసలు కారణం పొడవు. ఫ్లాట్ పిక్ ఎంత బయటికి ఉండాలో వేళ్లతో జరుపుకుంటూ పోతాం, మామూలుగా 3 నుంచి 5 మి.మీ. థంబ్ పిక్‌లో ఆ వీలు లేదు. షాపులో వచ్చే పిక్‌ల నాలుక (తీగని మీటే కొస) చాలావరకు అవసరానికి మించి పొడుగ్గా ఉంటుంది. అది తీగ కిందికి లోతుగా దిగుతుంది, తిరిగి వచ్చేటప్పుడు తగులుకుంటుంది. బొటనవేలి అంచు దాటి 5-6 మి.మీ. మిగిలేలా అరగదీయండి. ముందు గోళ్ల ఆకురాయి, తర్వాత 400, చివర 1000 నంబరు వాటర్ పేపర్. ఆటోనగర్‌లో బండ్లకి రంగులేసే సామాను అమ్మే ఏ కొట్లోనైనా ఇస్తారు. చివరి రుద్దుడు ఎగ్గొట్టారో, చుట్టిన తీగ మీద పిక్ జారిన ప్రతిసారీ గరగరమంటుంది. ఒకేసారి ఎక్కువ తీసేయకండి, అరిగింది మళ్లీ రాదు.

ఇక చెయ్యి సంగతి. కొత్తవాళ్లు బొటనవేలి చివరి కణుపు వంచి మీటుతారు. అది తప్పు. వేలు దాదాపు నిటారుగా ఉండి, మొదలు కీలు దగ్గర్నుంచి కదలాలి. మణికట్టు గిటారు వైపు కుంగితే నాలుక తీగకి అడ్డంగా తగులుతుంది.

ఏలూరురోడ్_ఎలక్ట్రిక్:
ఇంత తతంగం దేనికండీ? హైబ్రిడ్ పికింగ్ ఉంది కదా. ఉన్న పిక్‌నే పట్టుకుని బేసు పిక్‌తో, 2, 1 తీగలు (అన్నిటికన్నా సన్నది 1, లావుది 6) నడివేలు, ఉంగరపువేలితో. మధ్యలో స్ట్రమ్మింగ్ కావాలంటే క్షణంలో మారిపోవచ్చు. 0.73 మరీ వంగుతుంది, బేసు నోటు చప్పగా వస్తుంది. 1.0 తీసుకోండి. టార్టెక్స్ రకం పిక్‌లలో అయితే నీలం రంగుది.

బెజవాడ_బేస్‌లైన్:
స్ట్రమ్మింగ్ మధ్యలో నాలుగు బార్లు (తాళం ఆవర్తాలు) ఆర్పెజియో, అంటే తీగలు ఒక్కొక్కటిగా మీటడం, రావాలంటే మీ పద్ధతే మేలు, ఒప్పుకుంటా. పాట మొత్తం బేసు నడవాలంటే మాత్రం ఇబ్బంది. చూపుడువేలు పిక్‌కి పోయింది కదా, 3, 2, 1 మూడు తీగలూ కావాలంటే చిటికెనవేలిని దింపాలి. దాని గోరూ బలమూ మిగతావాటితో సరితూగవు. పైగా 1.0 పిక్‌తో గట్టిగా స్ట్రమ్ చేస్తే, కోణం సరిగా లేకపోతే తీగ దగ్గర ఆగిపోతుంది. పిక్‌ని 20-30 డిగ్రీలు వాల్చి పట్టుకోవాలి.

సెల్యులాయిడ్_సుబ్బు:
బిగుతు గురించి ఎవరూ చెప్పలేదు. తొడిగిన కాసేపటికి వేలు ఎర్రబడి తిమ్మిరెక్కితే సైజు చిన్నది. భరించకండి, తీసేయండి. వేలిని చుట్టే పట్టీ, చివరి కణుపుకీ గోటి మొదలుకీ మధ్య కూర్చోవాలి, కణుపు మీదికి ఎక్కకూడదు. మీడియం, లార్జ్ రెండు సైజులూ వస్తాయి. దొరక్కపోతే ఉన్నదాన్నే సాగదీయొచ్చు.

టీకి కాచినంత వేడి నీళ్లు గ్లాసులో పోసి, పట్టకారుతో పట్టుకుని పట్టీ భాగం మాత్రమే 20-30 సెకన్లు ముంచండి. నాలుక తడవకూడదు, అది కూడా మెత్తబడి మెలితిరుగుతుంది. బయటికి తీసి, మీ వేలికన్నా కాస్త లావుగా ఉన్న మార్కర్ పెన్నుకి తొడిగి, అలాగే చన్నీళ్లలో పెట్టండి. వదులైపోతే మళ్లీ ముంచి నొక్కుకోవచ్చు. లైటరు, గ్యాస్ మంట మాత్రం వద్దు. తాబేలు చిప్ప రంగులో వచ్చేవి చాలావరకు సెల్యులాయిడ్ అనే ప్లాస్టిక్, భగ్గుమంటాయి. డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ పిక్ అయితే ఈ పద్ధతికి అంతగా లొంగదు.

మన మే నెల చెమటకి పట్టీ జారి తిరిగిపోతుంది. లోపలి వైపు గుడ్డ ప్లాస్టర్ సన్న ముక్క అంటించండి. అందుకని పట్టీ మాత్రం ఇంకా బిగించకండి. ఎండలో నిలబెట్టిన స్కూటీ డిక్కీలో వదిలేసినా ఆకారం పోవచ్చు. ఎడమచేతి వాటం వాళ్లకి విడిగా ఎడమ పిక్ అడగాలి, మామూలువి వాళ్లకి నప్పవు.

గుంటూరు_ఆరుతీగలు:
థాంక్యూ అన్నా. అరగదీశాక ఇరుక్కోవడం తగ్గింది. ఇప్పుడు బేసు మరీ మోగిపోతోంది, పై తీగలు వినపడట్లేదు. గిటారు శబ్దాన్ని స్పీకరుకి పంపే పికప్ పీజోది (కంపనాన్ని పట్టే రకం). మా పాటల్లో 6/8 (ఆరు లెక్కల తాళం) ఎక్కువ, దానికి ఈ పద్ధతి కుదురుతుందా? స్ట్రమ్మింగ్ వచ్చినప్పుడు ఏం చెయ్యాలి?

బెజవాడ_బేస్‌లైన్:
ప్లాస్టిక్ ఒకవైపు, వేలి కండ ఒకవైపు, తేడా రాక తప్పదు. అరచేతి అంచుని బ్రిడ్జి మీద, 6, 5, 4 తీగలు సాడిల్ (తీగలు ఆనే సన్న గట్టు) దాటే చోట, తేలిగ్గా ఆనించండి. బేసు పొట్టిగా ధుమ్ ధుమ్ అని వస్తుంది, పై తీగలు తేటగా మోగుతాయి. మరీ ముందుకి జరిగితే నోటు చచ్చిపోతుంది. పీజో ప్లాస్టిక్ టక్‌టక్‌ని ఎక్కువ చేసి చూపిస్తుంది, ప్రీఆంప్‌లో (శబ్దం సర్దే మీటల్లో) ట్రెబుల్ కాస్త దించండి.

నాలుగు లెక్కల 4/4కి సీ కార్డ్ పట్టి మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) 60 మీద బొటనవేలితో 5-4-5-4 తీగలు మాత్రమే తిప్పండి. అది చూడకుండా నడిచాకే మొదటి బీట్‌లో 5, 2 తీగల్ని గిల్లినట్టు కలిపి మీటండి. ఉంగరపువేలిని 6వ తీగ మూడో ఫ్రెట్‌కి మార్చి 5-4-6-4 చెయ్యడం ఆ తర్వాత. 6/8లో ఈ బేసు నడక అతకదు. అక్కడ బేసు ఒక్కసారి, ఆపైన 3-2-1-2-3 వేళ్లతో.

స్ట్రమ్మింగ్ వస్తే చూపుడువేలితో నాలుకని పక్కనుంచి పట్టుకోండి, ఫ్లాట్ పిక్ లాగే పనిచేస్తుంది. స్ప్రింగుతో పట్టుకునే బ్లాక్ మౌంటెన్ రకం నాలుక కూడా ఫ్లాట్ పిక్ ఆకారమే, దొరికితే చూడండి. పాటంతా గట్టి స్ట్రమ్మింగే అయితే మాత్రం థంబ్ పిక్ తీసి జేబులో వేసుకుని మీ 0.73నే వాడండి.