పక్క పోర్షన్‌లో ఇస్త్రీ పెట్టె వేడెక్కలేదు, మా పోర్షన్‌లో టీవీ పేలింది: ఎందుకిలా?

గుణుపూర్ వాసి

అందరికీ నమస్కారమండి. మాది రాయగడ జిల్లా గుణుపూర్. ఒకే మేడలో మూడు పోర్షన్లు, త్రీ ఫేజ్ సర్వీసు, పోర్షన్‌కి ఒక ఫేజు. గాలివానకి పోయిన కరెంటు రాత్రి తిరిగొచ్చింది. వస్తూనే మా పోర్షన్‌లో బల్బులు కళ్లు చెదిరేలా వెలిగాయి, ఫ్యాను రివ్వుమని తిరిగింది, టీవీ వెనక ఠప్‌మని చప్పుడు. అదే సమయానికి పక్క పోర్షన్‌లో ఇస్త్రీ పెట్టె వేసి ఉంది గానీ వేడెక్కలేదు, ట్యూబులైటు కూడా వెలగలేదు. మూడో పోర్షన్‌కి తాళం. వెంటనే మెయిన్ ఆపేశాం.

పోయినవి: 32 అంగుళాల ఎల్ఈడీ టీవీ, సెట్‌టాప్ బాక్సు అడాప్టరు, ఫోను ఛార్జరు, రెండు బల్బులు. ఫ్యాను బాగానే ఉంది. ఎంసీబీ ఒక్కటీ పడలేదు.

వీధిలో అందరూ పిడుగు అంటున్నారు. ఒకాయన న్యూట్రల్‌ని ఎర్తు పైపుకి కలిపేస్తే సరిపోతుందంటున్నారు. ఇది నిజంగా పిడుగేనా? టీవీ బోర్డు బాగవుతుందా? మళ్లీ జరగకుండా ఏం పెట్టించాలి?

వైరింగ్ పని, పర్లాకిమిడి

ముందుగా ఒక్క మాట. న్యూట్రల్‌ని ఎర్తు పైపుకి కలపొద్దండి. ఎవరు చెప్పినా కలపొద్దు. ఎండాకాలంలో పైపు చుట్టూ మట్టి ఎండితే దాని రెసిస్టెన్సు 20 ఓములు ఉండొచ్చు. అందులోంచి 5 ఆంపియర్లు పోతే పైపు మీద 100 వోల్టులు నిలుస్తాయి. ఆ 100 వోల్టులూ ఎర్తు వైరు పట్టుకుని ఫ్రిజ్ తలుపుకీ గ్రైండరు ఒంటికీ వస్తాయి. టీవీ పోవడం ఒకెత్తు, తడి చేత్తో ఫ్రిజ్ ముట్టుకున్న మనిషి పోవడం ఇంకొకెత్తు.

మీకు జరిగింది పిడుగు కాదు. న్యూట్రల్ తెగింది. పక్క పోర్షన్ ఇస్త్రీ పెట్టె వేడెక్కకపోవడమే అందుకు సాక్ష్యం. న్యూట్రల్ ఉన్నంతసేపూ ఎవరి ఫేజుకి వారికి 230 వోల్టులు. అది తెగితే మీ సామాన్లూ వాళ్ల సామాన్లూ రెండు ఫేజుల మధ్య ఉండే 415 వోల్టుల మీద ఒకదాని వెనక ఒకటి పడతాయి. అంటే సిరీస్ అయిపోతాయి. మూడో పోర్షన్ మూసి ఉంది కాబట్టి లెక్క తేలిక. మీ వైపు టీవీ, బల్బులు, ఫ్యాను కలిపి 100 వాట్లు అనుకోండి, సుమారు 529 ఓములు. వాళ్ల ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు, సుమారు 53 ఓములు. 415 వోల్టుల్లో మీ వాటా 377, వాళ్లది 38. తక్కువ లోడున్న వాళ్ల మీదే ఎక్కువ వోల్టేజి పడుతుంది.

ఎంసీబీ కరెంటు ఎక్కువైతే పడుతుంది, వోల్టేజి ఎక్కువైతే పడదు. కరెంటు ఎర్తుకి లీకైతే పడే ఆర్‌సీసీబీ కూడా వోల్టేజికి పడదు. కనుక దాన్ని తప్పు పట్టక్కర్లేదు.

ఎక్కడ తెగిందో ఇలా చూడండి. మీటరు దగ్గర చెయ్యి పెట్టడం అలవాటు లేకపోతే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మూడు పోర్షన్ల ఎంసీబీలూ ఆపండి, టీవీ, ఫ్రిజ్, ఛార్జర్ల ప్లగ్గులన్నీ పీకేయండి. మల్టీమీటర్‌ని ఏసీ 750 వోల్టుల రేంజిలో పెట్టి ఒక్కో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య చూడండి. మూడూ 230 దగ్గర చూపిస్తే సంతోషపడిపోవద్దు. లోడు లేనప్పుడు పాడైన జాయింటు కూడా మీటరుకి 230 చూపిస్తుంది. ఇప్పుడు ఒకే ఫేజు మీద 100 వాట్ల ఫిలమెంటు బల్బులు రెండు వెలిగించి మళ్లీ మూడూ చూడండి. లోడు వేసిన ఫేజు పడిపోయి మిగతా రెండూ పెరిగాయంటే న్యూట్రలే. అది మాత్రం పడి మిగతావి కదలకపోతే ఆ ఫేజు జాయింటు.

ఎక్కువగా పోయే చోట్లు రెండు. స్తంభం దగ్గర అల్యూమినియం వైరుకి రాగి వైరుని ఉత్తినే చుట్టేసిన జాయింటు ఒకటి. తడికి రెండు లోహాల మధ్య తెల్ల పొడి పడుతుంది, గాలికి కదిలి నిప్పురవ్వలు వస్తాయి. అది లైన్‌మన్ పని, మీరు నిచ్చెన వెయ్యొద్దు. రెండోది మెయిన్ బోర్డు. పాత ఇళ్లలో న్యూట్రల్‌కి కూడా పింగాణీ ఫ్యూజు ఉంటుంది. ఉంటే ఇవాళే తీయించి, ఇత్తడి న్యూట్రల్ లింకు వేయించండి. ఫేజులు ఉండగా న్యూట్రల్ ఫ్యూజు ఒక్కటే కాలితే మళ్లీ ఇదే జరుగుతుంది.

బోర్డు రిపేరు, బరంపురం

టీవీ సంగతి నేను చెప్తాను. చాలా వరకు బాగవుతుందండి. దెబ్బ సాధారణంగా పవర్ సప్లై భాగంలోనే ఆగుతుంది.

ముందు ప్రమాదం గురించి. ప్లగ్గు పీకినా పెద్ద కండెన్సర్లో 300 వోల్టులకి పైగా నిలిచి ఉండొచ్చు. స్క్రూడ్రైవరుతో షార్ట్ చెయ్యకండి, నిప్పు ఎగురుతుంది, బోర్డు ట్రాక్ లేచిపోతుంది. హోల్డరులో 40 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టి దాని రెండు వైర్లూ కండెన్సర్ రెండు కాళ్లకీ ఆనించండి. తర్వాత మీటరుతో డీసీ చూసి, 5 వోల్టుల లోపు ఉంటేనే చెయ్యి పెట్టండి.

ఇక ప్లగ్గు వైపు నుంచి లోపలికి వరసగా రండి. మొదట గాజు ఫ్యూజు. దాని మీద సాధారణంగా టీ 3.15ఏ 250వీ అని ఉంటుంది. గాజు లోపల నల్లగానో వెండి పూతలానో అయిపోతే వెనక గట్టి షార్ట్ ఉందని అర్థం. తీగ సన్నగా మధ్యలో తెగితే అంత పెద్ద షార్ట్ కాకపోవచ్చు. దాని పక్కనే నీలం రంగు బిళ్ల, ఎంఓవీ, అంటే వోల్టేజి పెరిగితే ఆ దెబ్బని తన మీద వేసుకునేది. 10డీ471కె అని రాసి ఉంటుంది. మీకు ఠప్‌మన్నది ఎక్కువగా ఇదే. దగ్గరగా చూడండి: బిళ్ల అంచున పగులు, లోపలి బూడిద రంగు పింగాణీ బయటపడి, పక్కన ప్లాస్టిక్ మీద మసి గీత. ఈ బిళ్ల 300 వోల్టుల ఏసీ వరకు ఓర్చుకునే రకం. పిడుగు తాలూకు మైక్రోసెకన్ల దెబ్బని మింగగలదు గానీ 377 వోల్టులు ఆగకుండా వస్తుంటే వేడెక్కి పగిలి షార్ట్ అవుతుంది, ఫ్యూజుని తీసుకుపోతుంది. అలా పోయిందంటే వెనకవన్నీ బతికాయన్న ఆశ ఎక్కువ.

అక్కడితో ఆగకపోతే, ఏసీని డీసీ చేసే బ్రిడ్జి. డయోడ్ మోడ్‌లో నాలుగు డయోడ్లూ ఒకవైపు 0.5 నుంచి 0.6 చూపించాలి, తిప్పి పెడితే ఏమీ రాకూడదు. ఆ తర్వాత పెద్ద కండెన్సర్. 230 వోల్టులు డీసీ అయ్యాక సుమారు 325 అవుతాయి, అందుకే 400 లేదా 450 వోల్టులది వేస్తారు. 377 ఏసీ వస్తే డీసీ 530 దాటుతుంది. తల మీద గీతల దగ్గర ఉబ్బితేనో, కింద జిగురులాంటి ద్రవం కారితేనో మార్చాల్సిందే. 400 వోల్టులది ఉంటే అదే మైక్రోఫారడ్లలో 450 వోల్టులది, 105 డిగ్రీలది వెయ్యండి. ఎత్తు చూసుకోండి, ఎల్ఈడీ టీవీ వెనక మూత మందం తక్కువ.

ఆ డీసీని వేగంగా ఆన్, ఆఫ్ చేసే మాస్‌ఫెట్‌కి డ్రెయిన్, సోర్సు, గేటు అని మూడు కాళ్లు. డ్రెయిన్‌కీ సోర్సుకీ మధ్య బీప్ వస్తే అదొక్కటే మార్చి కరెంటు పెట్టకండి. సోర్సు కాలి దగ్గర 0.22 నుంచి 0.47 ఓముల చిన్న రెసిస్టర్ ఉంటుంది, అది తెగి ఉంటుంది. గేటు రెసిస్టర్, కంట్రోల్ ఐసీ కూడా దాంతోనే పోతాయి. నాలుగూ కలిపి మార్చకపోతే కొత్త మాస్‌ఫెట్ ఒక్క సెకనులో మళ్లీ పోతుంది.

మార్చాక నేరుగా ప్లగ్గు పెట్టొద్దు. 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బు సిరీస్‌లో వెయ్యండి, ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారిందా, బాగుంది. వెలుగుతూనే ఉందా, షార్ట్ ఇంకా ఉంది. మసకబారాక స్టాండ్‌బై 5 వోల్టులు చూడండి. టీవీ ఆన్ చేస్తే 12 వోల్టులు కూడా రావాలి.

ఫ్యూజు బదులు రాగి పోగు చుట్టేవాళ్లని చూస్తే మాత్రం కోపం వస్తుంది. తర్వాతి దెబ్బకి కాలేది పోగు కాదు, బోర్డు.

సెట్‌టాప్ అడాప్టరు, ఛార్జరు విప్పే పని పెట్టుకోకండి. వోల్టులు, పిన్ను, పోలారిటీ అవే ఉండి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉన్న కొత్తది కొనండి.

లైను పని, సిరోంచ

అన్నా, మళ్లీ కాకుండా ఏం పెట్టాల్నో నేను చెప్త. ప్రతి పోర్షన్ మెయిన్ తర్వాత ఒక ఓవర్-అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ పెట్టించు. రెండు పోల్స్‌ది, 40 లేదా 63 ఆంపియర్లది, ఎంసీబీ పక్కనే పట్టాల మీద కూసుంటది. పైన 270, కింద 170 వోల్టులు సెట్ చెయ్యి. తిరిగి కలిపే ఆలస్యం 180 సెకండ్లు పెట్టు. ఫ్రిజ్ కంప్రెషర్ వెంటనే మళ్లా స్టార్ట్ అయితే గ్యాసు ఒత్తిడి మీద ఇరుక్కుంటది, అందుకే ఆ మూడు నిమిషాలు. ఇంటికంతా మెయిన్‌ల ఒక్కటే పెట్టి సరిపుచ్చుకోవద్దు, ఎవరి ఫేజు ఎంత పెరుగుతదో ముందు తెల్వదు.

స్టెబిలైజర్ ఉన్నది కదా అనుకోవద్దు. వోల్టేజి మరీ పెరిగితే కరెంటు ఆపే హై కట్ లేని స్టెబిలైజర్ 377 వోల్టుల దగ్గర తానే కాలిపోతది.

ఈ ప్రొటెక్టర్ పిడుగును ఆపలేదు, దాని రిలే తెరుచుకునేలోపే పిడుగు వచ్చిపోతది. దానికి వేరే ఎస్పీడీ, అంటే పిడుగు దెబ్బను ఎర్తుకు మళ్లించేది కావాలె. కొనేటప్పుడు మీద రాసిన యూసీ విలువ చూడు, అది ఆగకుండా ఓర్చుకునే వోల్టేజి. 275 రాసి ఉన్నది ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య పెడితే, న్యూట్రల్ పోయిననాడు అదే కాలుతది. 385ది తీసుకో. ఎర్తు వైరు 6 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగిది, అర మీటరు లోపు, మెలికలు లేకుండా.

గుణుపూర్ వాసి

చాలా థాంక్సండి. ఎలక్ట్రీషియన్ వచ్చి చూశారు. లోడు లేకుండా 230, 230, 231. మా ఫేజు మీద రెండు 100 వాట్ల బల్బులు వేస్తే మాది 196, మిగతా రెండూ 249, 248. మెయిన్ బోర్డులో న్యూట్రల్‌కి ఫ్యూజు లేదు, స్క్రూలు గట్టిగానే ఉన్నాయి.

వైరింగ్ పని, పర్లాకిమిడి

అయితే తేలిపోయిందండి. న్యూట్రల్ పూర్తిగా తెగలేదు, స్తంభం దగ్గర గాలికి విడిపోయి మళ్లీ తాకుతోంది. ఇంకో గాలి వస్తే మళ్లీ 377. మెయిన్ ఆపే ఉంచండి. 1912కి ఫోన్ చేసి 'కరెంటు లేదు' అనకండి, అలా అంటే ఫ్యూజు చూసి వెళ్లిపోతారు. 'న్యూట్రల్ లూజు, ఒక ఫేజు 196, రెండు ఫేజులు 249' అని అంకెలతో చెప్పండి. లైన్‌మన్ వచ్చాక స్తంభం జాయింటుకి అల్యూమినియం-రాగి బైమెటాలిక్ క్లాంపు వేయమని అడగండి. ఆయన దిగాక, వెళ్లిపోకముందే, అవే రెండు బల్బులు వెలిగించి మూడు ఫేజులూ మళ్లీ కొలిపించండి. మూడింటికీ తేడా రెండు మూడు వోల్టులకి మించకపోతేనే టీవీ ప్లగ్గు పెట్టండి.