ఉగాది వాలంటీర్లు: ఎవరికి ఏ పని, ఏ టేబుల్లో?

డేటా టీమ్, విశాఖ
అందరికీ నమస్కారం. డాలస్‌లో జరిగే ఉగాది వేడుకకి వాలంటీర్ల నమోదు ఈసారి మేం ఇక్కడ మద్దిలపాలెం నుంచి చూస్తున్నాం. మాతో పనిచేసేవాళ్లలో చాలామంది డిగ్రీ పిల్లలు, డేటాబేస్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు. అందుకే టేబుళ్లు ఎందుకు ఇలా పెడుతున్నామో కాస్త విడమరిచి రాస్తున్నాను. కమిటీల వాళ్లు కూడా చదవండి. మీ జవాబులు రాకుండా ఈ డిజైన్ పూర్తికాదు.

ఇప్పుడున్న షీట్లో ఒక్కో మనిషికి ఒక్కో వరుస ఉంది. ‘పనులు’ అన్న గడిలో ‘పచ్చడి కౌంటర్, పార్కింగ్, స్టేజి’ అని కామాలు పెట్టి రాసుకుంటూ పోయారు. కంటితో చదువుకోవడానికి బాగానే ఉంది. స్టేజి దగ్గర ఎవరెవరున్నారో తీయాలంటేనే చిక్కు. ‘స్టేజి’ అని వెతికితే ‘స్టేజి అలంకరణ’ వాళ్లూ వచ్చేస్తారు, ‘స్టేజ్’ అని రాసినవాళ్లు రారు. కామాలు మానేసి పని1, పని2, పని3 అని కాలమ్‌లు పెట్టినా తీరదు. నాలుగో పనికి కూడా సరే అన్న అక్కని ఎక్కడ రాస్తాం?

ఒకరికి చాలా పనులు, ఒక పనికి చాలామంది. ఇదే మెనీ-టు-మెనీ. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో, డేటాని టేబుళ్లుగా అమర్చే రిలేషనల్ మోడల్‌ని ప్రతిపాదించినప్పుడే, ఒక గడిలో మళ్లీ ఓ జాబితా దూర్చకూడదన్నాడు. ఆ మాట పట్టుకుంటే ఈ సంబంధానికి వాలంటీర్ల టేబుల్లోనూ చోటు లేదు, పనుల టేబుల్లోనూ లేదు. కాబట్టి ‘కేటాయింపులు’ అని మూడోది కావాలి. అందులో ఒక్కో వరుసలో ఒక వాలంటీర్ నంబరు, ఒక పని నంబరు ఉంటాయి. నంబర్లెందుకు, పేర్లు రాస్తే పోదా అంటారేమో. లక్ష్మి పేరుతో ఇద్దరు ముగ్గురు లేని తెలుగు సంఘం ఉంటుందా?

ఈ మూడో టేబుల్ ఊరికే ముడి వేయడానికి మాత్రమే కాదు, దానికంటూ సొంత వివరాలుంటాయి. పిల్లలకి దీన్ని మన బస్సులతో చెప్పాను. మద్దిలపాలెంలో ఎన్నో రూట్ల బస్సులు ఆగుతాయి, ఒక్కో రూటుకి ఎన్నో స్టాపులుంటాయి. మద్దిలపాలెం ఎన్నో స్టాపు అని ఎవరైనా అడిగితే, ఏ రూట్లో అని ఎదురు అడగాల్సిందే. ఆ సంఖ్య రూటుదీ కాదు, స్టాపుదీ కాదు, ఆ రెండూ కలిసినచోటిది. అలాగే ఒక మనిషి ఒక పనిలో ముఖ్య బాధ్యులా, సహాయకులా, ఖాయంగా వస్తామన్నారా లేదా అన్నవి కేటాయింపులోకి వెళ్తాయి. ఫోన్ నంబరు మాత్రం మనిషిది, అది వాలంటీర్ల టేబుల్లోనే ఉంటుంది.

వంటల కమిటీ, డాలస్
బాబూ, పచ్చడి కౌంటర్లో కొందరు పొద్దున్న వేపపువ్వు, బెల్లం అన్నీ కలపడానికి ఉంటారు, వాళ్లే మధ్యాహ్నం పంచడానికి కూడా నిలబడతారు. ఒకే మనిషి, ఒకే పని, రెండుసార్లు. నీ టేబుల్ ఒప్పుకుంటుందా?

డేటా టీమ్, విశాఖ
పిన్నీ, మీరు అడగాల్సిందే అడిగారు. నేను పైన చెప్పిన వాలంటీర్, పని జంటని ప్రైమరీ కీ, అంటే ఒక్కో వరుసని గుర్తుపట్టే విలువ, చేస్తే ఒప్పుకోదు. ఒకే మనిషి అదే పనిలో పొరపాటున రెండోసారి ఎక్కకుండా అడ్డుకోవడమే ఆ కీ పని. మీకు నిజంగానే రెండుసార్లు కావాలి కాబట్టి, పనిని షిఫ్టులుగా విడగొడదాం. ‘షిఫ్టులు’ అనే టేబుల్లో ఏ పని, ఎప్పుడు మొదలు, ఎప్పటికి ముగింపు, ఎంతమంది కావాలి అన్నవి ఉంటాయి. కలపడానికి నలుగురు చాలేమో, పంచడానికి చాలరు. అందుకే ‘ఎంతమంది’ అన్నది పనిలో కాక షిఫ్టులోనే ఉండాలి.

ఇక కేటాయింపు మనిషికీ షిఫ్టుకీ మధ్య. వాలంటీర్ 12, షిఫ్టు 7, ముఖ్య బాధ్యులు. వాలంటీర్ 12, షిఫ్టు 9, సహాయకులు. ఇవి రెండు వేర్వేరు వరుసలు, కీ దేన్నీ అడ్డుకోదు. కాకపోతే, ఒకే సమయంలో ఉన్న రెండు షిఫ్టుల్లో ఒకరినే వేస్తే ఈ కీ పట్టుకోలేదు. ఆ తనిఖీకి విడిగా క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, రాస్తాం.

సమయాలు డాలస్ టైములోనే చెప్పండి, మేం యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోకి, మార్చి దాచుకుంటాం. మార్చి రెండో ఆదివారం మీరు గడియారం ముందుకి జరపగానే మన మధ్య తేడా పదకొండున్నర గంటల నుంచి పదిన్నరకి దిగుతుంది. నోటి లెక్కలు వద్దు.

కల్చరల్ కమిటీ, డాలస్
ఎవరైనా రాలేనంటే వాళ్ల పేరు తీసేస్తే సరిపోతుందా?

డేటా టీమ్, విశాఖ
తీసేయకండి అక్కా. కేటాయింపుల్లోని వాలంటీర్ నంబరు ఫారిన్ కీ, అంటే ఆ నంబరు వాలంటీర్ల టేబుల్లో ఉండి తీరాలి. అక్కడ మనిషిని తీసేస్తే ఇక్కడేం జరగాలో ముందే చెప్పి పెట్టాలి. కాస్కేడ్ అంటే వాళ్ల కేటాయింపులన్నీ చప్పుడు లేకుండా వెంటే పోతాయి, మీ షిఫ్టుకి ఓ మనిషి తగ్గారని చెప్పే దిక్కుండదు. రిస్ట్రిక్ట్ అంటే, కేటాయింపులున్నంతవరకూ తీయనివ్వదు. మనుషుల్ని నమ్ముకుని నడిచే పనికి రిస్ట్రిక్ట్ పెట్టడమే సబబు. ముందు ఆ షిఫ్టులో ఇంకొకరిని వేద్దాం, తర్వాత మిగతాది.

పిల్లలూ, మీరు డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అయిన ఎస్‌క్యూలైట్‌లో ప్రాక్టీస్ చేస్తున్నారు కదా. మామూలుగా అందులో ఫారిన్ కీ తనిఖీ ఆపేసి ఉంటుంది, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఆన్ చేసుకోవాలి. లేదంటే లేని వాలంటీర్ 999ని రాసినా మారుమాట లేకుండా తీసుకుంటుంది.

విద్యార్థి వాలంటీర్, విశాఖ
అన్నయ్యా, ఇంకా ఏ షిఫ్టూ లేనివాళ్ల జాబితా ఎలా తీయాలి? జాయిన్ చేస్తే వాళ్ల పేర్లే రావట్లేదు.

డేటా టీమ్, విశాఖ
మామూలు జాయిన్ రెండు టేబుళ్లని కలిపి, రెండు వైపులా జత ఉన్న వరుసల్నే ఇస్తుంది. వాలంటీర్ల వైపు నుంచి లెఫ్ట్ జాయిన్ చెయ్యి, జత లేకున్నా వాలంటీర్లందరూ వస్తారు. అందులో కేటాయింపు వైపు నల్, అంటే ఖాళీ, వచ్చినవాళ్లని పట్టుకో.

నైపుణ్యాలకి కూడా ఇలాంటి మధ్య టేబులే పెడుతున్నాం: కారు డ్రైవింగ్, ఫస్ట్ ఎయిడ్, తెలుగులో యాంకరింగ్. కేటాయింపుల్నీ నైపుణ్యాల్నీ ఒకే క్వెరీలో జాయిన్ చేసి లెక్కపెట్టొద్దు. రెండు షిఫ్టులు, మూడు నైపుణ్యాలు ఉన్న మనిషి ఆరు వరుసలై వస్తారు. ఆ లెక్క చూసి భోజనాలు చెప్తే అంతే సంగతులు. ముందు ఒక్కోదాన్నీ విడిగా లెక్కేసి, తర్వాత కలుపు.

షిఫ్టు నంబరు మీద విడిగా ఇండెక్స్, అంటే త్వరగా వెతకడానికి సూచిక, కూడా వెయ్యి. మన కీలో వాలంటీర్ ముందుంది కాబట్టి ‘ఈ మనిషికి ఏ షిఫ్టులు’ అన్నది చటుక్కున వస్తుంది, ‘ఈ షిఫ్టులో ఎవరు’ అన్నదానికి ఆ కీ పెద్దగా సాయపడదు. వేడుక రోజు తలుపు దగ్గర అందరూ అడిగేది ఈ రెండోదే.

పార్కింగ్ కమిటీ, డాలస్
మావి మూడు షిఫ్టులు, సమయాలు రేపు పెడతాం. ఒక్కో షిఫ్టుకి ముఖ్య బాధ్యులు ఒక్కరే ఉండాలి. అది కూడా టేబులే చూసుకుంటుందా?

డేటా టీమ్, విశాఖ
చూసుకుంటుంది అన్నా. పాత్ర ‘ముఖ్య బాధ్యులు’ అయిన వరుసలకి మాత్రమే వర్తించేలా షిఫ్టు నంబరు మీద యూనిక్ ఇండెక్స్, అంటే ఒకే నంబరుని రెండోసారి రానివ్వని ఇండెక్స్, వేస్తాం. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ లోనూ, ఎస్‌క్యూలైట్ లోనూ ఆ సౌకర్యం ఉంది. మిగతా కమిటీలు కూడా తమకి ముఖ్య బాధ్యులు ఒక్కరేనా, ఇద్దరుండొచ్చా చెప్పండి. అది తేలాకే ఇండెక్స్ వేస్తాను.