సముద్రపు దొంగల మీద తెలుగులో సైటు: ఎక్కడ మొదలుపెట్టాలి?

తెరచాప_బెజవాడ

నమస్కారమండీ. నేనూ ఒక ఫ్రెండూ కలిసి సముద్రపు దొంగల చరిత్ర మీద, వాళ్ల చుట్టూ అల్లుకున్న కథల మీద తెలుగులో ఒక సైటు పెడదామనుకుంటున్నాం. సరదాకే, ప్రకటనలు ఉండవు. ఇద్దరికీ ఆదివారాలే ఖాళీ. ఏడాదికి రెండు వేలకు మించి ఖర్చు పెట్టలేం.

కాగితం మీద 40 పేజీల ప్లాన్ వేశాం. బ్లాక్‌బియర్డ్, కెప్టెన్ కిడ్, యాన్ బానీ, మేరీ రీడ్ లాంటి వాళ్లకు తలా ఒక పేజీ, జెండాలకు ఒకటి, పాతిపెట్టిన నిధులకు ఒకటి, ఓడల రకాలకు ఒకటి, ఇలా. పేరు ‘తెలుగు పైరేట్స్’ అనుకున్నాం. వర్డ్‌ప్రెస్ మేలా, ఇంకేదైనానా? బొమ్మలు ఎక్కడివి వాడుకోవచ్చు? అసలు చరిత్ర ఎంత ఉండాలి, కట్టుకథ ఎంత ఉండాలి? తెలిసినవాళ్లు చెప్పగలరు.

పటమట_పిక్సెల్

ముందు ఆ పేరు మార్చండి బాబూ. మన దగ్గర పైరసీ అంటే సినిమా రిలీజైన రోజే వచ్చే దొంగ ప్రింటు. ‘తెలుగు పైరేట్స్’ అని వెతికినవాడికి కావలసింది కొత్త సినిమా, కెప్టెన్ కిడ్ కాదు. వచ్చినవాడు అర నిమిషంలో వెళ్లిపోతాడు. పైగా కాలేజీల్లో, ఆఫీసుల్లో ఫిల్టర్లు ఆ మాట చూసి సైటునే ఆపేసే ప్రమాదం ఉంది. ఓడదొంగలు, సముద్రపు దొంగలు, రేవు, లంగరు వీటిలో ఏదో ఒకటి కలిపి పేరు పెట్టుకోండి. తెలుగు లిపిలో ‘.భారత్’ డొమైన్ కూడా దొరుకుతుంది గానీ వాట్సాప్‌లో పంపితే కొన్ని ఫోన్లలో అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల వరసగా కనిపిస్తుంది. దాన్ని రెండో పేరుగా ఉంచుకోవచ్చు, అసలు పేరుగా వద్దు.

వర్డ్‌ప్రెస్ మీకు అక్కర్లేదు. ఆదివారాలే ఖాళీ అన్నారు, ఆ ఆదివారాలన్నీ ప్లగిన్ల అప్‌డేట్లకూ స్పామ్ కామెంట్లు తుడవడానికీ సరిపోతాయి. హ్యూగో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్టాటిక్ పేజీలు, అంటే ఒకసారి చేసి అలాగే చూపించే పేజీలు, తయారుచేసి గిట్‌హబ్ పేజెస్ అనే ఉచిత సేవలో పెట్టండి, హోస్టింగ్‌కు పైసా కట్టక్కర్లేదు. అక్కడ సైటు మొత్తం 1 జీబీ దాటకూడదు. మీ 40 పేజీలకు పేజీకి నాలుగు బొమ్మల చొప్పున 160 బొమ్మలు. 1200 పిక్సెళ్ల వెడల్పులో, తక్కువ సైజు పట్టే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మారిస్తే ఒక్కోటి 150 కేబీ వేసుకున్నా మొత్తం 24 ఎంబీ. పదేళ్లు రాసినా నిండదు. కట్టాల్సిందల్లా డొమైన్‌కే.

తెలుగు సైట్లు ఎక్కువగా చెడేది నాలుగు చోట్ల.

మొదటిది అను ఫాంట్. డీటీపీ సెంటర్‌లో ఆ ఫాంట్‌తో టైపు చేయించిన మ్యాటర్ యూనికోడ్, అంటే ఫోన్లూ బ్రౌజర్లూ చదివే తెలుగు, కాదు. కన్వర్టర్‌లో వేస్తే వత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు అక్కడక్కడా తారుమారవుతాయి. ‘1718’ ఇంకేదో అయి కూర్చుంటే చరిత్ర సైటుకు అంతకంటే అప్రతిష్ఠ లేదు. మొదటి నుంచీ యూనికోడ్‌లోనే కొట్టండి.

రెండోది పేజీ చిరునామా. అందులో తెలుగు పెడితే ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు షేర్ చేసేటప్పుడు తొమ్మిది గుర్తులుగా మారుతుంది. ‘బ్లాక్‌బియర్డ్’ అన్న ఒక్క మాటే వంద దాటుతుంది. చిరునామా వరకు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచండి.

మూడోది వరసల మధ్య ఎడం. ఇంగ్లీషు టెంప్లేట్లలో అది అక్షరం సైజుకు 1.4, 1.5 రెట్లు ఉంటుంది. మనకు కింద వత్తు, పైన గుడి ఉంటాయి కాబట్టి 1.75 అయినా ఉండాలి, అక్షరం 18 పిక్సెళ్లు. లేకపోతే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో కింది వత్తులు తర్వాతి వరసకు తగులుతాయి. ఫాంటు నోటో సెరిఫ్ తెలుగు గానీ మండలి గానీ పెట్టుకోండి. సైజు తగ్గుతుంది కదా అని ఫాంటులోంచి అక్షరాలు కోయొద్దు, సంయుక్తాక్షరాలు విడిపోతాయి.

నాలుగోది హ్యూగోలో ‘డేట్’ గడి. అక్కడ సంఘటన జరిగిన తేదీ వేస్తే 1701 పేజీ వరసలో అన్నిటికన్నా అడుగుకు పోతుంది, కొత్తగా రాసింది ఎవరికీ కనపడదు. ఆ గడిలో మీరు రాసిన తేదీ ఉంచి, చరిత్ర తేదీకి వేరే గడి పెట్టండి.

అరండల్‌పేట_4వ_లైను

సాంకేతిక సంగతులు పిక్సెల్ గారు చెప్పేశారు. నేను విషయం గురించి చెబుతాను.

మనిషికో పేజీ అనే ప్లాన్‌తో చిక్కేమిటంటే, ఈ మనుషుల గురించి అందరూ రాసేది ఒకే పుస్తకం నుంచి. 1724లో లండన్‌లో ‘కెప్టెన్ చార్లెస్ జాన్సన్’ అనే మారుపేరుతో వచ్చిన ‘ఎ జనరల్ హిస్టరీ ఆఫ్ ది పైరేట్స్’. అందులో కోర్టు విచారణల నుంచి తీసుకున్న గట్టి సమాచారమూ ఉంది, రచయిత అల్లిందీ ఉంది. 1728లో వచ్చిన రెండో సంపుటంలో కెప్టెన్ మిస్సన్ అనేవాడు మడగాస్కర్‌లో లిబర్టాలియా అనే స్వేచ్ఛారాజ్యం కట్టాడని రాశారు. మిస్సన్ కల్పితం, ఆ రాజ్యమూ కల్పితమే. కానీ అతని పక్కన థామస్ ట్యూ అనే నిజం దొంగను నిలబెట్టారు. చదివేవాడు మోసపోయేది సరిగ్గా అక్కడే.

అందుకే చరిత్ర ఎంత, కథ ఎంత అని పాళ్లు చూసుకోకండి. ప్రతి పేజీలో ప్రతి ముఖ్యమైన మాటకూ మూడింటిలో ఒక గుర్తు పెట్టండి: దస్తావేజు, ఆనాటి మాట, తర్వాతి అల్లిక. విచారణ రికార్డు, ఓడ లాగ్‌బుక్, ఈస్ట్ ఇండియా కంపెనీ ఉత్తరం ఉంటే మొదటిది. జాన్సన్ పుస్తకం రెండోది. నవలలు, సినిమాలు మూడోది. కట్టుకథను తీసేయనక్కర్లేదు, అది ఎప్పుడు పుట్టిందో చెబితే చాలు. చిలకా, ఒంటికాలూ, గుర్తు పెట్టిన నిధి పటమూ 1883లో పుస్తకంగా వచ్చిన ‘ట్రెజర్ ఐలండ్’ నవల పుణ్యం. నడుముకు రంగు గుడ్డ, తలకు రుమాలు, చెవికి పోగు అన్న వేషం చాలావరకు హోవర్డ్ పైల్ అనే చిత్రకారుడి బొమ్మల నుంచి వచ్చింది. ఆయన 1911లో పోయారు కాబట్టి ఆ బొమ్మలు మీరు నిక్షేపంగా వాడుకోవచ్చు. మన చట్టంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు లెక్క. మ్యూజియం వాళ్లు తీసిన కొత్త ఫొటోలు మాత్రం వేరే సంగతి, ప్రతిదానికీ లైసెన్సు చూసుకోండి.

నిధి పాతిపెట్టడం గురించి చెప్పాలంటే గట్టి ఆధారం ఉన్నది కిడ్ విషయంలోనే. 1699లో న్యూయార్క్ దగ్గర గార్డినర్స్ ద్వీపంలో పాతాడు. గవర్నర్ తవ్వించి సాక్ష్యంగా లండన్ పంపించేశాడు. అంటే ఇప్పుడు అక్కడ తవ్వినా ఏమీ ఉండదు. మిగతావాళ్లు దాచుకోవడం ఎందుకు? వాటా పంచుకుని రేవులో ఖర్చుపెట్టేవాళ్లు.

ఆ వాటాలకు ఒక పేజీ తప్పకుండా పెట్టండి, అన్నిటికన్నా ఆసక్తిగా ఉండేది అదే. బార్తొలొమ్యూ రాబర్ట్స్ అనే దొంగ ఓడ కట్టుబాట్లలో కెప్టెన్‌కూ క్వార్టర్‌మాస్టర్‌కూ రెండేసి వాటాలు, సరంగుకూ ఫిరంగుల పెద్దకూ ఒకటిన్నర. ఇవి జాన్సన్ పుస్తకంలో దొరికినవి, కాబట్టి రెండో గుర్తు. అంతకుముందు కరీబియన్‌లో బుకనీర్లు అనే దొంగలు గాయపడినవాళ్లకు ఇచ్చే పరిహారం సంగతి, వాళ్లతో తిరిగిన ఎక్స్‌క్వెమెలిన్ 1678లో రాశాడు. కుడి చెయ్యి పోతే 600 వెండి నాణేలు, ఎడమ చెయ్యికి 500, కుడి కాలికి 500, ఎడమ కాలికి 400, కంటికి 100. కన్ను అంత చవక ఎందుకో ఆలోచించండి: ఒంటికన్నుతో తాడు లాగొచ్చు, చెయ్యి లేకుండా లాగలేం.

తెరచాప_బెజవాడ

చాలా థాంక్సండీ ఇద్దరికీ. మూడు గుర్తుల పద్ధతి బాగా నచ్చింది. పేరు మార్చేస్తాం. తేదీలన్నీ ఎక్సెల్‌లో ఒక పట్టిక చేయడం మొదలుపెట్టాం గానీ వరస పెడితే అడ్డదిడ్డంగా వస్తున్నాయి. బ్లాక్‌బియర్డ్ లా కాంకర్డ్ అనే ఫ్రెంచి ఓడను పట్టుకున్నది ఒకచోట నవంబర్ 17 అని, ఇంకోచోట 28 అని ఉంది. ఏది రైటు?

బందరు_రోడ్డు

రెండూ రైటే. 1752 దాకా ఇంగ్లండు పాత క్యాలెండర్‌లో ఉంది, ఫ్రాన్సు అప్పటికే కొత్తదానిలో ఉంది. 1700 తర్వాత రెంటికీ తేడా 11 రోజులు, అంతకుముందు శతాబ్దంలో 10. లా కాంకర్డ్ ఫ్రెంచి ఓడ కాబట్టి వాళ్ల కాగితాల్లో 28 నవంబర్ 1717, ఇంగ్లీషు లెక్కలో 17. అదే ఓడ క్వీన్ యాన్స్ రివెంజ్ అయింది. ఇంకో మెలిక కూడా ఉంది. ఇంగ్లీషువాళ్లకు అప్పట్లో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. కిడ్ క్వెడా మర్చంట్ అనే ఓడను పట్టుకున్నది 30 జనవరి 1698, ఆనాటి కాగితంలో 1697 అని ఉంటుంది. మీ పట్టికలో ‘ఏ లెక్క’ అని ఒక గడి పెట్టండి.

ఎక్సెల్ గొడవ వేరు. అది 1900కు ముందు తేదీలను తేదీలుగా గుర్తించదు, ఉత్త మాటలుగా చూస్తుంది. అందుకే వరస కుదరదు. సంవత్సరం, నెల, రోజు మూడు వేరు వేరు గడుల్లో అంకెలుగా వేసి, ఆ మూడింటి మీద వరస పెట్టండి.

జెండాల పేజీ మాత్రం జాగ్రత్త. రాకమ్ అనే దొంగది పుర్రె కింద రెండు కత్తులు, బ్లాక్‌బియర్డ్‌ది గుండెను పొడిచే అస్థిపంజరం అని టీషర్టుల మీద కనిపించేవాటికి ఆనాటి ఆధారం లేదు, అంటగట్టింది 20వ శతాబ్దంలో. నల్ల జెండా నిజమే. 1700లో ఇమాన్యుయేల్ విన్ అనే ఫ్రెంచి దొంగ జెండా మీద పుర్రె, ఎముకలు, ఇసుక గడియారం ఉన్నాయని రికార్డుంది. ఎర్ర జెండా ఎగరేస్తే ఎవరినీ ప్రాణాలతో విడిచిపెట్టం అని అర్థం. పలక మీద నడిపించి సముద్రంలోకి తోయడం కూడా 1650–1730 నాటి విచారణల్లో కనపడదు.

ఇక అసలు చెప్పదలచుకున్నది. 40 పేజీల్లో మన సముద్రం ఎక్కడండీ? కరీబియన్ మీద ఇంగ్లీషులో వేల సైట్లున్నాయి. మీరు తెలుగులో రాస్తే వాటికి నకలే అవుతుంది. ఆ కాలపు పెద్ద దోపిడీల్లో ఒకటి జరిగింది మన పడమటి తీరం దారిలో. సెప్టెంబర్ 1695లో హెన్రీ ఎవరీ, మోఖా నుంచి సూరత్ వస్తున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయ్‌ను పట్టుకున్నాడు. పైన అరండల్‌పేట గారు చెప్పిన థామస్ ట్యూ చచ్చింది ఆ వేటలోనే. పోయిన సొమ్ము మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాసిన ప్రకారం 52 లక్షల రూపాయలు, ఇంగ్లీషు ఈస్ట్ ఇండియా కంపెనీ ఒప్పుకున్నది మూడు లక్షల పైచిలుకు పౌండ్లు. రెండంకెలూ పక్కపక్కన వేయండి, ఎవరి లెక్కో చెప్పండి. ఈ రోజు రూపాయల్లోకి మార్చకండి, ఏ పద్ధతిలో మార్చినా తప్పే. దానికి బదులు ఆనాటి జీతంతో పోల్చండి. వర్తక ఓడ కళాసికి నెలకు సుమారు 25 షిల్లింగులు, అంటే ఏడాదికి 15 పౌండ్లు. ఎవరీ ముఠాలో ఒక్కొక్కడికి వచ్చిన వాటా సుమారు 1000 పౌండ్లని చెబుతారు.

కిడ్ పట్టుకున్న క్వెడా మర్చంట్ కూడా కొచ్చిన్ దగ్గరే దొరికింది. క్వెడా అంటే మన పాత శాసనాల్లో కడారం. దాన్నీ మరికొన్ని ఓడలనూ పట్టుకున్నందుకు, తన ఓడలోని ఫిరంగి మనిషిని చంపినందుకు కిడ్‌ను 1701లో లండన్‌లో ఉరి తీశారు, మొదటిసారి తాడు తెగింది.

దగ్గరలోనిది కావాలంటే బందరు ఉంది. 1680ల్లో శామ్యూల్ వైట్ అనే ఇంగ్లీషువాడు సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజు కొలువులో మెర్గుయ్ రేవు షాబందరుగా, అంటే రేవు అధికారిగా ఉంటూ, బందరు రేవున్న గోల్కొండ రాజ్యపు ఓడల మీద పడ్డాడు. రాజు తరఫున యుద్ధం అన్నాడు. సరుకు పోగొట్టుకున్నవాడు ఏమంటాడో వేరే చెప్పాలా?

అరండల్‌పేట_4వ_లైను

ఎవరు ఎవరిని దొంగ అన్నారు అనేది ప్రతి పేజీలో ఒక గడిగా పెట్టాల్సిందే. కన్హోజీ ఆంగ్రే మరాఠాల సర్ఖేల్, నౌకాదళ అధిపతి. పరవానా తీసుకోని ఓడను పట్టేవాడు. బొంబాయి కంపెనీవాళ్లు అతన్ని దొంగ అన్నారు, 1721లో పోర్చుగీసులతో కలిసి కొలాబా కోట మీదికి పోయి ఓడారు. ఇప్పుడు బొంబాయిలో నౌకాదళ స్థావరానికి ఆయన పేరే. కాలికట్ కుంజాలీ మరక్కార్లదీ అంతే: అక్కడి రాజు జామొరిన్‌కు సేనానులు, పోర్చుగీసులకు దొంగలు. వీళ్లను బ్లాక్‌బియర్డ్ పక్కన ఒకే వరసలో పెడితే మీ సైటు మొదటి వారమే తిట్లు తింటుంది, తినాలి కూడా.

మార్కో పోలో రాసింది మాత్రం అసలు సిసలు దొంగల గురించే. మలబారు, గుజరాత్ తీరాల నుంచి ఏటా వందకు పైగా ఓడలు, పెళ్లాం పిల్లలతో సహా. ఇరవై ముప్పై ఓడలు ఐదారు మైళ్లకొకటి చొప్పున బారు తీరేవి. వర్తక ఓడ కనపడగానే మంటతోనో పొగతోనో సైగ. ముత్యాలు మింగేశారన్న అనుమానం వస్తే వర్తకులకు చింతపండూ సముద్రపు నీళ్లూ తాగించి కక్కించేవాళ్లట. మన పాఠకుడికి ఆ చింతపండు ఒక్కటి చాలు, పేజీ చివరిదాకా చదువుతాడు.

పటమట_పిక్సెల్

చింతపండు పేజీకి నా ఓటు 😄

పేర్ల సంగతి ఒకటి మర్చిపోయాను. గంజ్-ఇ-సవాయ్‌ని ఇంగ్లీషు కాగితాల్లో ‘గన్స్‌వే’ అని రాశారు. టీచ్, థాచ్ రెండూ బ్లాక్‌బియర్డే. ప్రతి పేజీలో ‘ఇతర పేర్లు’ గడి పెట్టి తెలుగు రూపాలూ అన్నీ వేయండి. ‘కెప్టెన్’, ‘కాప్టెన్’, ‘క్యాప్టెన్’ మూడింటినీ జనం వెతుకుతారు.

బందరు_రోడ్డు

మొదటి పేజీ మోటుపల్లి శాసనంతో మొదలుపెడితే ఎలా ఉంటుందో చూడండి. 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించింది. తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే ఇదివరకటి రాజులు సరుకంతా లాక్కునేవారు, మేము నియమిత సుంకం తప్ప ఏదీ తీసుకోం అని సముద్ర వర్తకులకు అభయం. సుంకం ముప్పైలో ఒక వంతు. ఇది సముద్రపు దొంగతనం కాదు, ఒడ్డున కూర్చున్న రాజుగారి దొంగతనం. ఆ తేడా మొదటి పేజీలోనే చెప్పేస్తే మిగతా సైటుకు దారి పడుతుంది. పాఠం ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసనాల సంకలనం 12వ సంపుటంలో ఉంది.

బెజవాడ నుంచి మద్రాసు లైన్లో వేటపాలెం దిగితే మోటుపల్లి దగ్గరే. వేటపాలెంలోనే సారస్వత నికేతనం గ్రంథాలయం కూడా ఉంది, రెండు పనులూ ఒకే ఆదివారం అవుతాయి. శాసనం ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వేయొద్దు, ఎదురు వెలుతురులో అక్షరాలు రాతిలో కలిసిపోతాయి. టార్చి ఒక పక్క నుంచి, రాతికి దాదాపు ఆనించినట్టు పట్టుకోవాలి, అప్పుడు గాట్లలో నీడ పడి అక్షరం లేస్తుంది. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పై నుంచి ఒకటి తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టండి. సుద్ద మాత్రం పూయొద్దు. శాసనం గుడిలో ఉంది కాబట్టి గుడివాళ్లను ముందే అడగండి.

తెరచాప_బెజవాడ

వచ్చే ఆదివారమే వెళ్తున్నామండీ. స్కేలు 15 సెంటీమీటర్లది చాలా, 30ది కావాలా?

బందరు_రోడ్డు

30ది. రెండు వరసలైనా దాని పక్కన పట్టాలి.