పదేళ్లు రాసిపెట్టాలంటే ఏం కొనాలి?

శెనక్కాయ చేను (మారతహళ్లి, బెంగళూరు):
నమస్కారం. మాది హిందూపురం దగ్గర పల్లె. గుట్ట వారన 4 ఎకరాల ఎర్రనేల. నాన్నకు మోకాళ్లు సహకరించక ఈ ఏడు పై ముక్క, అర ఎకరా, బీడు పెట్టేశారు. దాన్ని అలాగే వదిలేస్తే ఏం మొలుస్తుందో, పక్కన సాగులో ఉన్న చేను ఏమవుతుందో పదేళ్లు లెక్క రాయాలని నా కోరిక. మట్టి తేమ సెన్సార్లు, చిన్న డ్రోన్ చూస్తున్నా. 20 వేల దాకా పెట్టగలను. నెలకోసారి ఊరికి వెళ్తాను. ఏవి మంచివి?

రాగిసంకటి (హెబ్బాళ):
ముందు చేసుకోవలసింది మట్టి పరీక్ష. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధనా మండలి) వాళ్లు 1970లో మొదలుపెట్టిన దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల్లో బెంగళూరు కూడా ఒక కేంద్రం. ఇక్కడి ఎర్రనేలలో రాగి, మొక్కజొన్న వేస్తారు. ఉత్త నత్రజని వేస్తూ పోయిన మళ్లలో నేల పులిసి, అంటే ఆమ్లం పెరిగి, దిగుబడి పడిపోయింది, దిబ్బెరువు కలిపినవి నిలబడ్డాయి. ఒక్క పంటకాలం చూస్తే ఆ తేడా బయటపడదు. ఇవాళే రెండు ముక్కల నుంచీ మట్టి తీసి, నీడలో ఆరబెట్టి, తేదీ రాసి సీసాల్లో దాచు. రేపు కొత్త పరీక్ష ఏదైనా వస్తే పాత మట్టి మళ్లీ దొరకదు.

కొలతటేపు (యశ్వంతపుర):
తమ్ముడూ, డ్రోన్ వద్దు. నేను రెండేళ్లు తమిళనాడులోని ముదుమలై అడవిలో చెట్లు కొలిచే బృందంలో పనిచేశాను. ఇక్కడి ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) వాళ్లు, రామన్ సుకుమార్ గారి బృందం, 1988లో 50 హెక్టార్లు హద్దులు వేసి, 1 సెంటీమీటరు లావు దాటిన ప్రతి మొక్కకూ నంబరు కట్టారు. ఏటా వెళ్లి ఏది బతికింది, ఏది చచ్చింది, కొత్తగా ఏది వచ్చిందని చూస్తారు. దానికి కావలసింది టేపు, అల్యూమినియం బిళ్లలు, పెయింటు, నోటుపుస్తకం.

నేను మొదటి రోజే తప్పు చేశాను. ఒక మద్దిచెట్టుకు పాత పెయింటు గీత మాసిపోతే, కంటి అంచనాతో నాలుగు వేళ్లు కింద టేపు చుట్టాను. లెక్కలో చెట్టు ఏడాదిలో అమాంతం లావెక్కింది! మాతో ఉన్న ఆదివాసీ పెద్దాయన, ఆకు చూడకుండానే బెరడు తడిమి చెట్టు పేరు చెప్పే మనిషి, నా చేయి పట్టుకుని పైకి జరిపారు. అక్కడ గోరంత పెయింటు మిగిలుంది. నేల నుంచి 1.3 మీటర్లు, ప్రతిసారీ అక్కడే. నెల కూడా మారకూడదు, ఎండాకాలం మాను కాస్త ముడుచుకుంటుంది, వానలకు ఉబ్బుతుంది. బిళ్ల మేకు పూర్తిగా దిగ్గొట్టకు, చెట్టు లావవుతూ దాన్ని మింగేస్తుంది.

చావు కూడా రాయాలి, కారణంతో సహా. ఆ ప్లాటులో కిడియా చెట్లు బాగా తగ్గిపోయాయి, ఏనుగులు విరిచి తినేయడం వల్ల. చిన్న మొక్కల్ని నిప్పు ఎక్కువగా తీసుకుంది. ఏటా చూడబట్టే ఏది దేని వల్ల పోయిందో విడదీయగలిగారు.

శెనక్కాయ చేను:
అన్నా, మా దగ్గర ఏనుగుల్లేవు గానీ మేకలున్నాయి. ఊరివాళ్లు తోలుకొస్తారు, వద్దంటే తగాదా. మేకలు మేస్తే లెక్క పాడైనట్టేనా?

కొలతటేపు:
పాడు కాదు. ఏ తేదీన ఎన్ని మేకలు వచ్చాయో రాయి. చేతనైతే 5 మీటర్ల చదరం ఒకటి ముళ్లకంచె వేసి పక్కనే ఇంకొకటి తెరిచి ఉంచు. మేక ఏం తింటుందో ఆ రెండే చెబుతాయి.

ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే పొలం ఉంది, 1843 నుంచి గోధుమ ప్రయోగం నడుస్తూనే ఉంది. అందులో ఒక మూల 1882లో పంట కోయకుండా వదిలేశారు. నాలుగేళ్లకే గోధుమ దాదాపు మాయమైంది, ఇవాళ అక్కడ అడవి ఉంది. ఒక భాగంలో మాత్రం చెట్టు మొలకలు పీకేస్తూ వచ్చారు, అది గడ్డీ గాదమే. నువ్వూ నీ బీడును రెండు చెయ్యి, ఒక సగంలో తుమ్మ, లాంటానా ఏటా పీకెయ్.

వర్షమాపకం మాత్రం తప్పకుండా కొను. రోజూ పొద్దున 8:30కి నాన్నగారిని రాయమను, వాతావరణ శాఖ చూసేదీ ఆ వేళకే. వాన పడని రోజు సున్నా రాయాలి, ఖాళీ వదలకూడదు. ఖాళీ ఉంటే పడలేదా, చూడలేదా తెలియదు.

శెనక్కాయ చేను:
నాన్నకు ఫోన్ చేసి చెప్పాను అన్నా. ఆయన దగ్గర పాత పాలలెక్క పుస్తకాల్లో ఏ ఏడు ఎప్పుడు విత్తాడో, ఎన్ని మూటలయ్యాయో 1996 నుంచి ఉందట! నాకు ఇన్నాళ్లూ తెలియదు.

కొలతటేపు:
ముందు ఆ పుస్తకాలు ఫొటోలు తీసుకో తమ్ముడూ, ప్రతి పేజీ. చెదలు పట్టకముందే. ఈ ఆదివారమే వెళ్లు.