మ్యాగ్నెటిక్ హిల్ దగ్గర రోడ్డు వాలు కొలిచేదెలా?

లేహ్ నుంచి కార్గిల్ వైపు సుమారు 30 కి.మీ. వెళ్తే వచ్చే మ్యాగ్నెటిక్ హిల్ దగ్గర, రోడ్డు మీద గీసిన గడిలో కారు ఆపి న్యూట్రల్‌లో పెట్టాం. ఎత్తుగా కనిపించే వైపే కదిలింది. కొండ అయస్కాంతంలా కారును లాగుతుందనే కథ నేను నమ్మను. చుట్టూ కొండలు అడ్డొచ్చి దిగంతం కనపడదు కాబట్టి కన్ను మోసపోతోంది, అంతే. మావాళ్లకు మాత్రం రుజువు కావాలట!

వాలు చూద్దామని సీసాలోని నీళ్లు రోడ్డు మీద పోస్తే గాలికి చెదిరి కంకర సందుల్లోకి పోయాయి. ఫోన్‌లో లెవెల్ యాప్ 1 డిగ్రీ చూపింది, ఫోన్ తిప్పి పెడితే 0. వెనక కెమెరా బుడిపె వల్లేమో. జీపీఎస్ ఎత్తు, కదలకుండా నిలబడ్డా 5 మీటర్లు అటూ ఇటూ మారింది.

సెప్టెంబరులో మళ్లీ వెళ్తున్నాం. మట్టం చూడటానికి మేస్త్రీలు వాడే 10 మీటర్ల నీళ్ల పైపుతో ఇంత చిన్న వాలును ఇద్దరం కచ్చితంగా కొలవాలంటే ఎలా చేయాలి?